చెంచో నడవని ఎడారి

యకిమా లోయ ఆపిల్ తోటల్లో ఫిదెన్సియో బరాహాస్ ఎవరని అడిగితే తల అడ్డంగా ఊపుతారు. చెంచో అంటే మాత్రం, "ఎవరూ, ఎడారి చెంచోనా?" అంటారు. నిచ్చెన మీద నిలబడి రెండు చేతులా కాయలు కోయడంలో వాడికి మంచి పేరుంది. అంతకన్నా పెద్ద పేరు, ఎడారి దాటి వచ్చిన కథ చెప్పడంలో ఉంది. ఐదు రోజులు నడిచాడట, నీళ్ళు అయిపోయాయట, బూటు అడుగు ఊడిపోతే చొక్కా చింపి పాదానికి చుట్టుకున్నాడట. ఇరవై రెండేళ్ళుగా ఈ కథ వినని మనిషి లోయలో లేడు. వాడి దుంపతెగ, అందులో ఒక్క ముక్కా నిజం కాదు.

నిజం ఇది. పంతొమ్మిదో ఏట సరిహద్దు అవతల మిచోఆకాన్‌లోని తన పల్లె నుంచి మేనత్త ఎర్నెస్తీనా వ్యానులో కూర్చుని వచ్చాడు. అత్తకు ఇక్కడ ఉండటానికి కాగితాలున్నాయి. ఆమె పిల్లలిద్దరూ ఈ దేశంలోనే పుట్టారు. చెంచోకే ఏమీ లేదు. సరిహద్దు గేటుకు మైలు దూరంలో అత్త వ్యాను ఆపి, వాడికి ఇస్త్రీ చొక్కా తొడిగించి, తల దువ్వి, చంటిదాన్ని ఒళ్ళో పెట్టి, నోరు విప్పావంటే చంపేస్తానంది. గేటులో ఆఫీసరు వంగి లోపలికి చూశాడు. అత్త కార్డు చూశాడు. ఎక్కడికని అడిగితే ఇంటికని చెప్పింది. చంటిది చెంచో ఒళ్ళో గుక్కపట్టి ఏడుస్తోంది. ఆ ఏడుపు భరించలేకో, వెనక బారులు తీరిన కార్లను చూసో, ఆఫీసరు పొమ్మని చెయ్యి ఊపాడు. వాణ్ణి ఒక్క మాట అడగలేదు, వాడూ ఒక్క మాట చెప్పలేదు. మధ్యాహ్నానికి ఏదో ఊళ్ళో ఆగి కడుపునిండా వేయించిన కోడి తిన్నారు.

ఇందులో దాచుకోవాల్సిందేముందని మా మగాళ్ళ సంగతి తెలియనివాళ్ళే అడగాలి. ఆదివారం పూట ఎవరి పెరట్లోనైనా రాగి గంగాళంలో పంది మాంసం వేగుతుంటే చుట్టూ చేరతారు. రెండో బీరు తెరిచేసరికి గొప్పలు మొదలు. ఎవడెన్ని రోజులు నడిచాడు, ఎవణ్ణి ఎన్నిసార్లు పట్టుకుని వెనక్కి తోశారు, ఎవడి కాలివేళ్ళు పోయాయి. వారమంతా తోటలో మాట పడే మనిషికి మీసం మెలేసుకోవడానికి ఇంకేం మిగిలింది గనక? కారులో వచ్చినవాణ్ణి "సూట్‌కేసు" అంటారు. ఒకడికి ఆ పేరు పడితే వాడి పెళ్ళి విందులో కూడా, సూట్‌కేసుని ఎవరు మోసుకొచ్చార్రా అని ఏడిపించారు. పాపం వాడు ఆ ఏడే ఊరు మారిపోయాడు.

దోన్ కాస్తులో అనే పెద్దాయన పెరట్లో మొదటిసారి అడుగుపెట్టిననాడు చెంచోకి ఇరవై మూడేళ్ళు. ఆయన తోటలో మేస్త్రీ. కుర్రతనంలో ఆరుసార్లు పట్టుబడి ఏడోసారి కొండలమ్మట దాటినవాడు. తర్వాత ప్రభుత్వం అందర్నీ క్షమించి కాగితాలిచ్చిన ఏడు ఈయనకూ దొరికాయి. కూతురు నొయెమీ ఇక్కడే పుట్టింది, పుట్టుకతోనే ఈ దేశపు పౌరురాలు. ప్యాకింగ్ షెడ్డులో కాయలు ఏరే ఆ పిల్ల కోసమే చెంచో ఆ ఆదివారం వచ్చాడు. పెద్దాయన రొట్టెలో మాంసం చుట్టి చేతికిచ్చి, "ఎన్ని రోజులు నడిచావురా?" అని అడిగాడు. అందరూ ఇటు తిరిగారు.

"మూడు" అన్నాడు చెంచో.

అక్కడ ఆగినా బాగుండేది. పక్కనున్నవాడు తను నాలుగు రోజులు నడిచానన్నాడు గనక వీడివి ఐదయ్యాయి. తోటల్లో తను విన్న కథలన్నిటిలోంచి తలా ఒక పీలిక చింపి బొంత కుట్టేశాడు. చెప్పడంలో వాడికి దేవుడిచ్చిన నేర్పుంది, ఎక్కడ గొంతు తగ్గించాలో తెలుసు. తన చివరి గుక్కెడు నీళ్ళు చంటిపిల్లనెత్తుకున్న ఒక తల్లికి ఇచ్చేశానని చెబుతున్నప్పుడు, వేడి రొట్టెలు గుడ్డలో చుట్టి తెస్తున్న నొయెమీ అక్కడే నిలబడిపోయింది. ఆ నీళ్ళ దగ్గరే నా మనసు పోయిందని తర్వాత ఆమే చెప్పింది. ఇక ఆ నీళ్ళు వెనక్కి తీసుకోవడం ఎలా? పెళ్ళయ్యాక చెబుదామనుకున్నాడు, పిల్ల పుట్టాక చెబుదామనుకున్నాడు. ఇద్దరాడపిల్లల బాప్తిస్మాలయ్యాయి. రెండు విందుల్లోనూ ఆ కథే చెప్పమన్నారు, చెప్పాడు.

కాగితాల పని బెలేన్ దుకాణంలో మొదలైంది. పన్నులు రాసిపెట్టడం, ఫొటోలు తీయడం, ఫారాలు నింపడం ఆమె పని. లాయరు కాదు, అలాగని మోసగత్తె కూడా కాదు. మనం చెప్పింది టైపు చేస్తుంది, అంతే. దేశంలోకి ఎలా వచ్చారన్నది ఫారంలో ప్రశ్న. చెంచోకి ఒక పక్క నొయెమీ, ఇంకో పక్క మామగారు కూర్చున్నారు. నడిచి వచ్చానన్నాడు. అసలు అడగనే అక్కర్లేదు, ఆ కథ బెలేన్‌కీ వచ్చు. గేటు తప్పించి దొంగచాటుగా వచ్చినట్టు రాసింది.

నొయెమీ తన భర్త కోసం పెట్టిన అర్జీ మంజూరైంది. కానీ దొంగచాటుగా వచ్చినవాడికి ఈ దేశంలో ఉండనిచ్చే కార్డు ఇక్కడ ఇవ్వరు. సరిహద్దు అవతల హువారెస్ వెళ్ళి, అక్కడున్న ఈ దేశపు కాన్సలేటులో అడగాలి. అడగడానికని సరిహద్దు దాటాడో, ఇన్నేళ్ళు కాగితాల్లేకుండా ఉన్నందుకు పదేళ్ళు మళ్ళీ రానివ్వరు. అలా కాకుండా బయల్దేరే ముందే క్షమాపణ తెచ్చుకోవచ్చు. దానికి భర్త లేకపోతే భార్య మామూలుగా కాదు, భరించలేనంత కష్టపడుతుందని రుజువు చేయాలి. ఎంత కష్టమైతే భరించలేనిదో ఆఫీసరే తేలుస్తాడు, మొగుణ్ణి పోగొట్టుకునేది వాడు కాదు కదా.

అర్జీతో పాటు చెంచో తన మాటల్లో వాంగ్మూలం ఇస్తే చదివినవాడి మనసు కరుగుతుందేమోనని బెలేన్ సలహా ఇచ్చింది. మనవాడికి అంతకన్నా ఏం కావాలి? నాలుగు పేజీలు చెప్పాడు. టైపు చేస్తూ బెలేన్ రెండుసార్లు కళ్ళు తుడుచుకుంది. ఇదంతా నిజమని ప్రమాణం చేస్తున్నానన్న గీత మీద సంతకం పెట్టాడు. ఆఫీసరు మనసు కరగలేదు. మీ భార్యకు ఉద్యోగం ఉంది, తల్లిదండ్రులు పక్క వీధిలో ఉన్నారు, ఆమె కష్టం అందరి కష్టంలాంటిదే అని జవాబొచ్చింది. ఆ నాలుగు పేజీలు మాత్రం వాడి ఫైల్లో భద్రంగా ఉండిపోయాయి.

పదేళ్ళు గడిచాయి. లోయలో రోజులు చెడ్డవయ్యాయి. చెంచో పక్క వరసలో కోసే విల్ఫ్రిదోని కారు వెనక లైటు వెలగలేదని ఆపి, వారం తిరక్కుండా సరిహద్దు అవతల దింపారు. అప్పట్నుంచి నొయెమీ చెంచో చేతికి కారు తాళాలివ్వడం మానేసింది. పొద్దున్నే తనే తోట దగ్గర దింపి, బడి వంటశాలలో పనికి పోయేది. చిన్నపిల్ల సాయంత్రం నాన్న వచ్చేదాకా కిటికీ వదిలేది కాదు. నలభై ఐదేళ్ళ మగాడు పెళ్ళాం పక్క సీట్లో తల వంచుకుని కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు.

ఆ వసంతంలో చర్చి హాల్లో ఇమెల్దా ఫారియాస్ అనే లాయరమ్మ ఉచితంగా సలహాలిస్తుందంటే ఇద్దరూ వెళ్ళారు. పౌరుల్ని కట్టుకున్నవాళ్ళకు ఏయే దారులున్నాయో ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పింది. వీసాతో వచ్చి ఉండిపోయినవాళ్ళు ఇక్కడే కార్డు అడగొచ్చు. నేరానికి బలై పోలీసులకు సాయపడ్డవాళ్ళకు ఒక దారి ఉంది. మొగుడో పెళ్ళామో హింస పెడితే ఇంకొకటి. కొడుకో కూతురో సైన్యంలో ఉంటే మరొకటి. మిగతావాళ్ళకు హువారెస్సూ, క్షమాపణా. ఏళ్ళ తరబడి ఉండి, ఊరెళ్ళి మళ్ళీ దొంగచాటుగా వచ్చినవాళ్ళు ఆశ పెట్టుకోవద్దంది. తల్లుల చావులకు వెళ్ళొచ్చినవాళ్ళు హాల్లో చాలామందే ఉన్నారు. తర్వాత వెనక వరసలోంచి ఎవరో ఏదో అడిగితే ఆమె ఇలా అంది.

"మీరు కారులో గేటు గుండానే వచ్చారనుకోండి. ఆఫీసరు మిమ్మల్ని చూశాడు, ఏమీ అడగలేదు, పొమ్మని చెయ్యి ఊపాడు. మీరు అబద్ధం చెప్పలేదు, దొంగ కాగితం చూపలేదు. చట్టం లెక్కలో అది గేటు గుండా రావడమే. మీరు ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. కార్డు ఇక్కడే అడగొచ్చు."

అత్త వ్యానులో వచ్చానన్న ఒక్క మాట ఆనాడు బెలేన్ బల్ల ముందు అని ఉంటే, చెంచో ఈ పదేళ్ళూ మనిషిలా బతికేవాడు. పక్కన నొయెమీ, ఈ సంగతి మనకు వర్తించదులే అన్నట్టు చేతిసంచి సర్దుకుంటోంది.

మూడు వారాలు మింగలేక కక్కలేక తిరిగాడు. ఒక మధ్యాహ్నం పిల్లలు బయటికెళ్ళినప్పుడు, నొయెమీ బల్ల మీద చిక్కుడు గింజలు పోసి రాళ్ళు ఏరుతుంటే, ఎదురుగా కూర్చుని అంతా చెప్పేశాడు. అత్త, వ్యాను, ఇస్త్రీ చొక్కా, చంటిదాని ఏడుపు, ఊపిన చెయ్యి. ఎడారి లేదు, నీళ్ళు లేవు, ఆ తల్లీ లేదు. చెబుతూ చెబుతూ ఏడ్చేశాడు. గిన్నె ఎత్తి నెత్తిన కొడుతుందనే అనుకున్నాడు. ఎందుకంటే నొయెమీ అబద్ధమంటే ఒప్పుకునే మనిషి కాదు. కొట్టువాడు ఉల్లిపాయల సంచి బిల్లులో వెయ్యడం మరిచిపోయాడని ఎండలో మళ్ళీ వెళ్ళి చెప్పొచ్చిన మనిషి. కానీ ఆమె ఏరడం ఆపలేదు.

"ఎర్నెస్తీనా అత్త పోయి నాలుగేళ్ళయింది కదూ?" అని మాత్రం అడిగింది. అయిందన్నాడు. చంటిది అప్పుడు ఎన్ని నెలలదని అడిగింది. వ్యాను రంగేమిటి, నువ్వు ఏ వైపు కూర్చున్నావు, చొక్కా తెల్లదా నీలందా అని అడిగింది. గుర్తున్నంత చెప్పాడు. అవే మాటలు తను ఒకసారి పైకి అనుకుంది. చివరికి గింజలు గిన్నెలోకి తోసి, "సరే, అదే చెబుదాం" అంది. ఇరవై రెండేళ్ళ మోసాన్ని ఇంత తేలిగ్గా క్షమించిందే అని చెంచోకి ఆమె కాళ్ళమీద పడాలనిపించింది. ఆ రోజు చాలా కాలానికి ఆకలేసి తిన్నాడు.

లాయరమ్మ పాత ఫైలు తెప్పించి నాలుగు పేజీలూ చదివింది. ఇదంతా అబద్ధమా అని అడిగింది. అవునమ్మా అన్నాడు. మరెందుకు రాశారంది. మామగారు పక్కనే కూర్చున్నారమ్మా అన్నాడు. ఆమె కలం కింద పెట్టింది. ఆ అబద్ధం వల్ల మీకు ఒరిగిందేమీ లేదు, కాబట్టి మోసం కింద కొట్టేయకపోవచ్చు అంది. కానీ అప్పటి ప్రమాణం నమ్మాలా, ఇప్పటిది నమ్మాలా అని తప్పకుండా అడుగుతారు. వ్యాను నడిపిన అత్త పోయింది. అత్త కొడుకు అప్పుడు ఆరేళ్ళవాడు, గేటు దగ్గర నిద్రపోతున్నాడు. చెంచోని మేమే తీసుకొచ్చామని అమ్మ అంటుండేదని ఒక ఉత్తరం రాసిచ్చాడు, అంతే. ఇన్నేళ్ళు కాపురం చేసిన భార్య ఏం చెబుతుందన్న దాని మీదే బరువంతా ఉందని లాయరమ్మ తేల్చింది. మామగారి దగ్గర కూడా, కారులో వచ్చినవాళ్ళని మేం ఎగతాళి చేసే మాట నిజమేనని ఒక సంతకం తెమ్మంది.

తెమ్మంటే వెళ్ళాడు. దోన్ కాస్తులో ఇద్దరు పాత స్నేహితులతో పెరట్లో కూర్చుని ఉన్నాడు. నొయెమీ అప్పటికే చెప్పిందట. చెంచో సగం కూడా చెప్పకముందే పెద్దాయన వాడి వీపు చరిచాడు.

"మంచి కథే కట్టావు అల్లుడూ. వాళ్ళకి గేటు కావాలంటే గేటే ఇవ్వు, మనదేం పోయింది? సంతకం ఎక్కడ పెట్టమంటావు?"

ఇది కథ కాదు మావయ్యా అన్న మాట నాలుక చివర దాకా వచ్చింది. ఈలోగా స్నేహితుల్లో ఒకడు, ఎడారి చెంచోని పట్టుకుని సూట్‌కేసుని చేసేశారేనని నవ్వాడు. చెంచో కూడా నవ్వాడు. అంతే కదా మావయ్యా, ఏ ఎండకా గొడుగు అన్నాడు. అంత జరిగాకా బుద్ధి రాలేదు వెధవకి. పైగా తన పరువు కాపాడటానికే నొయెమీ తండ్రికి అలా చెప్పిందనుకుని, మనసులో ఆమెకు దణ్ణం పెట్టుకుంటూ ఇంటికొచ్చాడు.

ఇంటర్వ్యూనాడు ఇద్దరిచేతా కుడిచెయ్యి ఎత్తించి ప్రమాణం చేయించారు. ముందు చెంచోని కూర్చోబెట్టారు. ఆఫీసరు మర్యాదస్తుడే. పాత వాంగ్మూలంలో ఒక్కో వాక్యం చదివి అడిగాడు. చొక్కా చింపి పాదానికి చుట్టుకున్నారని ఉంది, ఏ పాదానికి? ఏ పాదానికీ కాదండి. మీరు నీళ్ళిచ్చిన ఆ తల్లి ఏ ఊరిదన్నారు? ఆమె లేదండి. మరి గేటు దగ్గర ఏమైందో చెప్పండి. ఆఫీసరు చెయ్యి ఊపాడండి. ఆయన ఎలా ఉన్నాడు? గుర్తులేదండి. ఏ నెల? ఎండాకాలమేనండి. అబద్ధంలో గాలి ఎటు వీచిందో కూడా ఉంది, ముళ్ళ పేర్లున్నాయి, ఏ రోజు ఏం తిన్నాడో ఉంది. నిజంలో ఒక చెయ్యి, ఒక పసిపిల్ల ఏడుపు తప్ప ఏమీ లేవు. మామగారి ముందు పరువు కోసం అబద్ధమాడానని చెంచో చెప్పుకున్నాడు. ఆఫీసరు కాగితాలు సర్దుతూ, "నడిచి వచ్చి, గేటు గుండా వచ్చామని చెప్పేవాళ్ళని రోజూ చూస్తానండి. గేటు గుండా వచ్చి, నడిచి వచ్చామని చెప్పిన మనిషిని నేనింతవరకు చూడలేదు" అన్నాడు.

తర్వాత నొయెమీని లోపలికి పిలిచారు. చెంచో నడవలో కూర్చున్నాడు. పదిహేను నిమిషాలకు ఆమె బయటికొచ్చింది, మొహంలో నెత్తురు చుక్క లేదు. వాడి వంక చూడకుండా నేరుగా వెళ్ళి చేతులు కడుక్కుంది. లాయరమ్మ ఇంటికెళ్ళి ఎదురుచూడండని మాత్రం చెప్పింది. ఆఫీసరంటే ఎవరికి భయముండదులే అనుకున్నాడు చెంచో.

ఆరు వారాలకు ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషు కాబట్టి నొయెమీయే చదివి, మన భాషలో చెప్పింది. గేటు గుండా వచ్చినట్టు రుజువు కాలేదు. పాత వాంగ్మూలం వివరంగా ఉంది, కొత్తది అందుకు పూర్తిగా విరుద్ధం. భార్య వ్యాను గురించి పాఠం అప్పగించినట్టు చెప్పింది. భర్త చెప్పింది నిజమని మీరు నమ్ముతున్నారా అని అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. అర్జీ తిరస్కరించాం. కోర్టుకు రావలసిన తేదీ విడిగా తెలియజేస్తాం. చివరి వాక్యం ఆమె రెండుసార్లు చదివింది.

కోర్టు అంటే దేశం నుంచి పంపేయడానికేనని ఇద్దరికీ తెలుసు. నొయెమీ ఉత్తరం మడిచింది.

"నా చేతనైనంత చెప్పాను చెంచో. నీకోసం, పిల్లల కోసం చెప్పాను. దేవుడి మీద ప్రమాణం చేసి అబద్ధమాడటం నా వల్ల కాలేదు. నోరెండిపోయింది. నా మొహం చూసే పట్టేశాడు."

చెంచోకి ముందు అర్థం కాలేదు. తర్వాత ఒక్కటొక్కటిగా అర్థమైంది. గింజలు ఏరుతూ ఆమె రంగులూ నెలలూ అడిగింది అబద్ధాన్ని బట్టీ పట్టడానికి. క్షమించడానికి ఆమె దృష్టిలో ఏ తప్పూ లేదు. చర్చి హాల్లో లాయరమ్మ చెప్పింది విని, మొగుడు తెలివిగా ఒక కథ అల్లుకొచ్చాడనుకుంది. ఆమె నమ్మింది ఐదు రోజుల నడకని, ఆ గుక్కెడు నీళ్ళని. ఇప్పటికీ వాటినే నమ్ముతోంది.

"అబద్ధం కాదు నొయెమీ. పిల్లల మీద ఒట్టు, వ్యాను నిజం. ఎడారే అబద్ధం."

ఆమెకు కోపం రాలేదు. వాడి చేతి మీద చెయ్యి వేసింది.

"చాల్లే చెంచో. ఇక్కడ ఆఫీసరు లేడు. నేనే ఉన్నాను."